మొన్న ఒకటి తీసుకున్నా

హేమమాలిని రోజూ డ్యూటీ ఎక్కేముందు తన బ్యాడ్జి మీద ఒక మాటను నల్ల టేపుతో కప్పుకుంటుంది. సాయంత్రానికి టేపు అంచులు లేచిపోతాయి. మర్నాడు కొత్త ముక్క అంటిస్తుంది.

సెంగ్‌కాంగ్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న మాల్‌లో, రెండో అంతస్తులో, ఇంటి సామాన్ల దుకాణం అది. బకెట్లు, దుప్పట్లు, గొడుగులు, పిల్లల టిఫిన్ డబ్బాలు, అన్నీ దొరుకుతాయి. అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరి బ్యాడ్జి మీదా పేరు, పేరు కింద వచ్చిన భాషలు ఉంటాయి. హేమమాలినికి మొదట మూడు భాషలు వేసి ఇచ్చారు: ఇంగ్లిష్, మలయ్, తమిళం. నాలుగోది ఆమె పట్టుబట్టి వేయించుకుంది. మేనేజర్ షెర్లీ టాన్ అప్పుడు నవ్వింది.

"తెలుగు కస్టమర్లందరికీ ఇంగ్లిష్ వచ్చు కదా హేమా. ఎవరి కోసం?"

"నా కోసం లా," అంది హేమమాలిని, ఆ ఊరి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

ఇప్పుడు టేపు కింద ఉన్నది ఆ మాటే.

ఆమె తాత భీమిలి దగ్గర నుంచి సముద్రం దాటి సెంబవాంగ్ నౌకా స్థావరంలో కూలిపనికి వచ్చాడు. తండ్రి అక్కడే పెరిగి, బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయాక షిప్‌యార్డులో వెల్డరయ్యాడు. హేమమాలిని సెంబవాంగ్‌లోనే పుట్టింది, అక్కడే ఫ్లాట్ కొనుక్కుంది, తన మొగుడు పోయాక తల్లి కుమారమ్మను తెచ్చి దగ్గర పెట్టుకుంది. బళ్ళో తెలుగు లేదు కనక తమిళం చదివింది. యాభై ఎనిమిదేళ్ళుగా ఎదురైన ప్రతివాడూ ఆమెను తమిళమనిషి అనే అనుకున్నాడు. ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం నాయనమ్మ తెచ్చిన తెలుగు. దాంట్లో సగానికి సగం తమిళం, మలయ్ కలిసిపోయాయి, బజారు 'పాసార్' అయింది, ఇబ్బంది 'సుసా' అయింది. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ తెలుగువాళ్ళ ముందు ఆ తెలుగు మాట్లాడటానికి ఆమెకు మొహమాటంగా ఉండేది. ఓసారి గుడిలో ఒక కుర్రాడు, "ఆంటీ, తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు? బాగానే వచ్చేసిందే!" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఆమెకు నెల రోజులు మింగుడుపడలేదు. బ్యాడ్జి మీద నాలుగో మాట ఆ తర్వాత వేయించుకున్నదే.

వేయించుకున్నాక చాలా కాలం దానితో పనిపడలేదు. జూన్‌లో పడింది.

ఆ రోజు మధ్యాహ్నం కౌంటర్లో ఉండగా సెక్యూరిటీ బాలు వచ్చి పిలిచాడు. బాలు తమిళవాడు, పొరుగు దేశంలోని జొహోర్ నుంచి రోజూ వంతెన దాటి వస్తాడు. "అక్కా, మీ జనమే. ముసలావిడ. నా తమిళం పనికిరాలేదు," అన్నాడు తమిళంలో.

వెనక గదిలో ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. నేత చీర, చేతిసంచి ఒళ్ళో. బల్ల మీద పిల్లల గొడుగు ఒకటి, పసుపు రంగుది, పన్నెండు డాలర్ల తొంభై సెంట్ల ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. పక్కన తెరమీద కెమెరా బొమ్మ ఆపి పెట్టారు: గొడుగుల వరస దగ్గర ఆ పెద్దావిడ, చేతిలో గొడుగు, దాన్ని సంచిలో పెట్టుకుంటోంది. అంత తక్కువ ధర సామానుకు అలారం బిళ్ళ ఉండదు కాబట్టి గేటు దగ్గర మోగే ప్రశ్నే లేదు. బాలు తెరమీద చూసే పట్టుకున్నాడు.

హేమమాలిని నోరు విప్పగానే పెద్దావిడ మొహం విప్పారింది.

"అమ్మయ్య, తెలుగు! ఇందాకట్నుంచీ ఈ అబ్బాయి ఏదో అంటాడు, నేనేదో అంటాను. ఏ ఊరమ్మా మీది?"

"ఈ ఊరేనండి. సెంబవాంగ్."

"అది ఏ జిల్లాలోది?"

హేమమాలినికి నవ్వొచ్చింది. పక్కనే నిలబడ్డ షెర్లీ వాచీ చూసుకుంటోందని ఆపుకుంది.

ఆవిడ పేరు మంగతాయారు. తణుకు. కూతురు వసుంధర ఇక్కడ ఒక బ్యాంకులో కంప్యూటర్ పని చేస్తుంది, అల్లుడు చక్రధర్‌ది కూడా అదే తరహా ఉద్యోగం. ఇద్దరు మనవరాళ్ళు. సెలవులని మూడు నెలలుండటానికి వచ్చింది.

"గొడుగు తీసుకుందా లేదా అడుగు," అంది షెర్లీ ఇంగ్లిష్‌లో.

"ఈ గొడుగు మీరు తీసుకున్నారా అని అడుగుతున్నాదండి," అంది హేమమాలిని.

"తీసుకున్నానమ్మా. మొన్న ఒకటి తీసుకున్నా. ఇవాళ ఇంకోటి తీసుకుందామని వచ్చా. ఇద్దరు ఆడపిల్లలు కదా, ఒకదానికిచ్చి ఒకదానికివ్వకపోతే ఇల్లు పీకి పందిరేస్తారు. ఇదే రంగు కావాలంటే దొరకలేదు."

హేమమాలిని తడుముకోలేదు. విన్న మాటను విన్నట్టు ఇంగ్లిష్‌లో పెట్టింది: తీసుకుందట, మొన్న కూడా ఒకటి తీసుకుందట, ఇవాళ ఇంకోటి తీసుకుపోదామని వచ్చిందట, మనవరాళ్ళ కోసమట.

బాలు ఈల వేయబోయి ఆగాడు. షెర్లీ కనుబొమలు పైకెత్తింది. "వా! ఇంత నిజాయితీపరురాల్ని నేను చూళ్ళేదు."

హేమమాలినికి ఆవిడ మీద జాలి, కొంచెం చిరాకు కలిగాయి. కనీసం ఒక అబద్ధమైనా ఆడకూడదా అనుకుంది. అన్నిటికంటే ఆవిడ మొహంలో ఆ నవ్వు. పట్టుబడ్డ మనిషి మొహంలో నవ్వేమిటి? సిగ్గులేకపోవడం అనుకుంది అప్పుడు.

షెర్లీ చెడ్డ మనిషి కాదు. పోలీసులొద్దులే, ముసలావిడ, చిన్న వస్తువు, అంది. దుకాణానికి అలాంటి సందర్భాలకు ఒక పద్ధతి ఉంది. జరిగింది కాగితం మీద రాసి సంతకం తీసుకుంటారు, గుర్తింపు పాసును ఫొటో తీసుకుంటారు, వస్తువు ఉంచేసుకుని పంపేస్తారు. కాగితం హెడ్డాఫీసు ద్వారా వేరే కంపెనీకి పోతుంది. ఆ తర్వాతి సంగతి ఆ కంపెనీది.

షెర్లీ రెండు వాక్యాలు రాసి ఇటు తిప్పింది. 'మొన్న ఒకటి తీసుకున్నాను. ఈరోజు మరొకటి తీసుకుపోవడానికి వచ్చాను.' ఇంగ్లిష్‌లో.

ఇక్కడే హేమమాలిని ఒక పని చేసింది, ఒకటి చేయలేదు. తన తల్లికంటే కొంచెం చిన్న మనిషి, బొట్టు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఆమె ముఖాన 'దొంగతనం' అన్న మాట అనలేకపోయింది. పోలీసుల మాటా ఎత్తలేదు. పెద్దవాళ్ళతో అలాంటి మాటలు అనకూడదని ఇంట్లో పెంచిన పెంపకం. "ఏటీ బయం లేదండి. మీరు సెప్పిందే రాసినారు. సంతకం ఎట్టీసి ఎల్లిపోండి," అంది.

"సంతకం దేనికమ్మా?"

"ఇక్కడ రూలండి."

మంగతాయారు సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, తెలుగులో, గుండ్రంగా, పొల్లు పోకుండా సంతకం చేసింది. "తణుకులో ఇరవయ్యేళ్ళు ఫ్యాన్సీ షాపు నడిపానమ్మా. గాజులు, రిబ్బన్లు, క్లిప్పులు. ఎన్ని సంతకాలు పెట్టానో," అంది. లేచి నిలబడి బల్ల మీది గొడుగు వైపు చూసింది. "మరి రంగు మార్చి ఎప్పుడిస్తారు?"

ఆ మాట హేమమాలిని షెర్లీకి చెప్పలేదు. చెప్పడానికి అదొక మాటలా అనిపించలేదు. పెద్ద వయసు, కంగారులో ఏదో అంటోంది అనుకుంది.

"సెప్తారండి," అని గేటు దాకా దిగబెట్టింది. మంగతాయారు ఆమె చెయ్యి పట్టుకుని నొక్కి, "మా ఇంటికి రా అమ్మా ఓసారి," అని వెళ్ళిపోయింది.

నెలాఖరు మీటింగులో షెర్లీ అందరి ముందూ హేమమాలినిని మెచ్చుకుంది. భాష రావడం ఎంత పనికొస్తుందో చూడండి అంది. అందరూ చప్పట్లు కొట్టారు. బ్యాడ్జి మీది నాలుగో మాట ఆ రోజు ఆమెకు బరువుగా, బాగా అనిపించింది.

ఆగస్టులో ఒక ఆదివారం కౌంటర్ ముందు వరస పొడుగ్గా ఉంది. నీలం చుడీదార్ వేసుకున్న తెలుగమ్మాయి ఒకతె దుప్పట్లు రెండు బల్ల మీద పెట్టి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ కార్డు తీస్తోంది.

"బాగున్నాయే బాబూ. మొన్న సేల్‌లో రెండు తీసుకున్నా. ఇవాళ మీ ఇంటికి కూడా తీసుకుంటున్నా. ఎంతేంటి, పందొమ్మిదే!"

హేమమాలిని చెయ్యి స్కానర్ మీదే ఆగిపోయింది.

"ఏటమ్మా, మొన్న తీసుకున్నారా?"

ఆ అమ్మాయి ఫోను చెవికి దూరంగా జరిపింది. "ఆఁ, ఆంటీ. ఇవే దుప్పట్లు."

"డబ్బులు కట్టినారా?"

అమ్మాయి పకపకా నవ్వింది. "అదేంటాంటీ, కట్టకుండా ఎవరైనా తీసుకుంటారా?" మళ్ళీ ఫోన్లోకి, "ఇక్కడాంటీ జోకులేస్తున్నారే," అంది. కార్డు ఆనించి, సంచి పట్టుకుని వెళ్ళిపోయింది. వెనక ఉన్నవాళ్ళు రెండుసార్లు పిలిస్తేగాని హేమమాలిని తర్వాతి సామాను అందుకోలేదు.

ఇంటికి వెళ్ళాక చెప్పులు విప్పకుండానే తల్లిని అడిగింది.

"అమ్మా, తీసుకున్నా అంటే కొన్నా అనా?"

కుమారమ్మ చేపలు కడుగుతోంది. "మనం కొన్నామంటాం. గోదారోల్లు తీసుకున్నామంటారు. బట్టలు తీసుకున్నాం, బంగారం తీసుకున్నాం, అంతా తీసుకోడమే ఆల్లకి. మా అత్త ఎక్కిరించీది. ఏటి, ఇప్పుడెందుకు?"

"మరి దొంగతనం సేసినోల్లు ఏటంటారు?"

"దొంగతనం సేసినోల్లు తీసుకున్నామని సెప్తారేటే, పిచ్చిమొకమా? ఆల్లేటీ సెప్పరు!"

కుమారమ్మ తన మాటకు తనే నవ్వుకుని చేపల వైపు తిరిగింది. హేమమాలిని తలుపు దగ్గరే నిలబడి, ఆ మధ్యాహ్నం విన్న వాక్యాలను ఒక్కొక్కటీ మళ్ళీ వింది. మొన్న ఒకటి కొన్నా. ఇవాళ ఇంకోటి కొందామని వచ్చా. ఇదే రంగు కావాలంటే దొరకలేదు. రంగు మార్చి ఎప్పుడిస్తారు. ఫ్యాన్సీ షాపు నడిపిన మనిషి. రిబ్బను కొనడానికి వచ్చేవాళ్ళు మ్యాచింగ్ కోసం పాత ముక్క చేతపట్టుకుని రావడం ఇరవయ్యేళ్ళు చూసిన మనిషి. మొదటి గొడుగు సంచిలో పెట్టుకుని వచ్చి, వరసలోవాటి పక్కన పెట్టి పోల్చి, దొరక్క మళ్ళీ సంచిలో వేసుకుంది. అంతే.

ఆ నవ్వుకు అర్థం అప్పుడు తెలిసింది.

మర్నాడు షెర్లీ దగ్గరికి వెళ్ళింది. షెర్లీ ఓపిగ్గానే విన్నది. కంప్యూటర్లో చూసింది కూడా. ఆవిడ పట్టుబడటానికి రెండు రోజుల ముందు ఒక పసుపు గొడుగు నగదుకు అమ్ముడైనట్టు ఉంది.

"ఇదిగో!" అంది హేమమాలిని.

"ఎవరైనా కొని ఉండొచ్చు కదా హేమా. నగదు మీద పేరుండదు."

"కెమెరా?"

"నెల దాటితే చెరిగిపోతుంది. దొరికిన రోజుది ఒక్కటే దాచారు." షెర్లీ ఇంకో పేజీ తెరిచింది. ఆమె గొంతు కొంచెం తేలికపడింది. "పైగా కేసు మూసేశారు. వాళ్ళు కట్టేశారు. కట్టారంటే ఒప్పుకున్నట్టే కదా."

"ఏం కట్టారు?"

షెర్లీ తెర ఇటు తిప్పింది. నాలుగువందల యాభై డాలర్లు.

బయట బాలు టీ తాగుతున్నాడు. డబ్బు కట్టమని ఆ వేరే కంపెనీ పంపే ఉత్తరాల సంగతి అతనికి బాగా తెలుసు. ఇంతకుముందు పనిచేసిన చోట కూడా ఉండేవట. "అది కోర్టు కాగితం కాదక్కా. పోలీసు కాగితమూ కాదు. 'మీవల్ల మా కాపలాకు ఇంత ఖర్చయింది, రెండు వారాల్లో కట్టండి, లేకపోతే తదుపరి చర్య' అని ఉంటుంది. చింపి పారేస్తే సగం కేసుల్లో ఏమీ జరగదు. కానీ కవరు చూస్తేనే గుండె ఆగుతుంది. మీ జనం అయితే మరీ. ఆ రోజే కడతారు."

"మా జనమే ఎందుకు?"

"ఉద్యోగం పాసులు, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్లు. వాళ్ళకు రికార్డు భయం కదక్కా."

హేమమాలిని ఆ ఇంటి చిరునామా గుర్తుపెట్టుకుని ఉంది. కాగితం మీద తన చేత్తోనే రాసింది. కస్టమర్ల ఇళ్ళకు వెళ్ళకూడదని దుకాణం నియమం. సెలవు రోజున, యూనిఫాం లేకుండా, చిన్న రైలెక్కి రెండు స్టాపుల అవతల దిగింది. పళ్ళు కొనుక్కుని వెళ్దామనుకుంది కానీ, ఏ మొహంతో ఇస్తామని వట్టి చేతులతో వెళ్ళింది.

తలుపు తీసింది వసుంధర. ముప్ఫై అయిదుంటాయి. మెడలో ఆఫీసు హెడ్‌ఫోన్లు. హేమమాలిని ఎవరో చెప్పగానే తలుపు సగం మూసింది.

"ఆంటీ, మేం కట్టేశాం. రసీదు కూడా వచ్చింది. మళ్ళీ ఏంటి?"

"డబ్బు కోసం రాలేదమ్మా. నేను తప్పు సెప్పినాను. అది సెప్దామని."

"ఏం తప్పు? మా అమ్మే ఒప్పుకుందని రాసుంది. సంతకం కూడా అమ్మదే. మా పీఆర్ అప్లికేషన్ నడుస్తోందాంటీ. మా ఆయన వారం రోజులు నిద్రపోలేదు. ప్లీజ్, దీన్ని వదిలేద్దాం."

"మీ యమ్మ ఏటన్నాదో తెలుగులో విన్నారా?"

హేమమాలిని ఆ రోజు విన్నది విన్నట్టు, మంగతాయారు గోదావరి యాస తన నోట పలక్కపోయినా, ఒక్కో మాటా పలికింది. మొన్న ఒకటి తీసుకున్నా. ఇవాళ ఇంకోటి తీసుకుందామని వచ్చా. ఇదే రంగు కావాలంటే దొరకలేదు.

వసుంధర చెయ్యి తలుపు గొళ్ళెం మీద నుంచి జారింది. ఆమెకు ఎవరూ ఏమీ వివరించాల్సిన పనిలేకపోయింది. "కొన్నదా?" అంది.

"కొన్నాదమ్మా."

"లెటర్ ఇంగ్లిష్‌లో ఉంది. స్టేట్‌మెంట్ ఇంగ్లిష్‌లో ఉంది. నేను చదివి..." వసుంధర మెడలోని హెడ్‌ఫోన్లు తీసేసింది. "చదివి అమ్మని అడిగాను, ఎందుకు చేశావు అని. చేశావా అని అడగలేదు."

లోపలి గదిలోంచి మంగతాయారు వచ్చింది. జూన్‌లో చూసిన మనిషి సగమైంది అనడానికి లేదు. అలాగే ఉంది, చీర అలాగే కట్టుకుంది. కాని హేమమాలినిని చూసి నవ్వలేదు.

సోఫాలో కూర్చున్నాక వసుంధర చెప్పింది. ఉత్తరం వచ్చిన రాత్రి చక్రధర్ పెద్దగా ఏమీ అనలేదట. ఆన్‌లైన్‌లో కట్టేసి, పిల్లల ముందు ఈ మాట రాకూడదని మాత్రం అన్నాడట. అప్పటినుంచి అమ్మ ఏ దుకాణంలోకీ రాదు. సూపర్‌మార్కెట్‌కి వెళ్తే బయట నిలబడుతుంది. చేతిసంచి ఇంట్లో వదిలేసి, రెండు చేతులూ కనబడేలా ముందు కట్టుకుని. ఒకసారి చిన్నపిల్ల మహతి, "వై అమ్మమ్మ స్టాండింగ్ లైక్ దట్? సో ఫన్నీ లా," అందట.

"నేను కొన్నానని చెప్పాను దీనికి," అంది మంగతాయారు, కూతురి వైపు చూడకుండా. "బిల్లేదీ అంది. రెండు వారాలు దాటాక బిల్లెక్కడుంటుంది?" అప్పుడు హేమమాలిని వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు అబద్ధం ఏమీ చెప్పలేదు. నేనన్న మాటే అన్నావు. కాని నన్నొక మాట అడగలేదు. దొంగతనం చేశావా అని అడగలేదు."

"ఎలా అడగనండి, పెద్దోరు..."

"అడిగితే కోపమొచ్చేది. అరిచేదాన్ని. అరిచి, ఇంటికి ఫోను చేయించి బిల్లు తెప్పించేదాన్ని. ఆ రోజు బిల్లు మా వంటింటి చెత్తబుట్టలోనే ఉంది. సాయంత్రం నేనే పారబోశాను."

వసుంధర లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళి, కాఫీ పెట్టకుండా తిరిగొచ్చింది.

"నువ్వు నామీద దయ చూపించావనుకున్నావు," అంది మంగతాయారు. కోపంగా అనలేదు. లెక్క సరిచూసి చెప్పినట్టు అంది. "నేనేమో నువ్వు రంగు మార్పిస్తున్నావనుకున్నాను. వచ్చి దీనికి చెప్పాను కూడా, షాపులో ఒక తెలుగమ్మాయుంది, ఎంత మంచిదో అని."

హేమమాలిని తల దించుకునే కూర్చుంది. క్షమించమని అడగడానికి ఆమె ఇంటి తెలుగులో మాట లేదు. వాళ్ళింట్లో అలాంటప్పుడు చెయ్యి పట్టుకుంటారు. ఆమె చెయ్యి చాచింది. మంగతాయారు పట్టుకోలేదు, తోసేయనూ లేదు. కాసేపటికి హేమమాలినే తీసేసుకుంది.

వారంలో హేమమాలిని జరిగింది మొత్తం ఇంగ్లిష్‌లో రాసి, సంతకం పెట్టి షెర్లీకి ఇచ్చింది. పని పోతుందేమో అనుకుంది. పోలేదు. కస్టమర్ ఇంటికి వెళ్ళినందుకు హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చారు. షెర్లీ ఆమె రాసింది హెడ్డాఫీసుకు పంపింది, తన మాటగా రెండు ముక్కలు కలిపి కూడా పంపింది. వసుంధర విడిగా ఉత్తరాల కంపెనీకి రాసింది. ఈసారి రికార్డు మాట తలుచుకుని భయపడలేదో, భయపడుతూనే రాసిందో తెలియదు. చక్రధర్ పేరు కూడా కింద ఉంది.

దుకాణంలో ఇప్పుడు పట్టుబడ్డవాళ్ళతో మాట్లాడటానికి ఫోన్లో యాప్ వాడతారు. ఒకరోజు హేమమాలిని దాంట్లో ఆ వాక్యం తెలుగులో పలికి చూసింది. అదీ తను చెప్పినట్టే చెప్పింది. షెర్లీకి చూపించింది. "చూడు, తప్పు నీ ఒక్కదానిదే కాదు," అంది షెర్లీ ఓదార్పుగా. హేమమాలిని చూపించింది అందుకు కాదు. ఆ కాగితం మీద 'డబ్బు చెల్లించారా?' అని ఒక ప్రశ్న చేర్చమని అడిగింది. ఫారం హెడ్డాఫీసుది, మనం మార్చలేం అంది షెర్లీ. మూడు భాషలతో కొత్త బ్యాడ్జి ఇమ్మని అడిగితే, పాతది బాగానే ఉంది కదా అంది. టేపు అప్పట్నుంచే.

గడువు తీరి మంగతాయారు సెప్టెంబరులో తణుకు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అల్లుడు ఎయిర్‌పోర్టులో చిన్నచిన్న వస్తువులేమైనా తీసుకుంటారా అత్తయ్యా అని అడిగాడట. ఆ మాటకు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. వసుంధర ఒక రోజు హేమమాలిని కౌంటర్ దగ్గరికి వచ్చి, వరస లేని వేళ చూసి, ఈ సంగతి చెప్పింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. వచ్చే వేసవికి మళ్ళీ రమ్మంటే అమ్మ ఇంకా ఏమీ చెప్పలేదని కూడా చెప్పింది. పిల్లలకు కావలసిన గొడుగులు తణుకులోనే కొని, వచ్చేవాళ్ళతో పంపిందట. రెండూ ఒకే రంగువి.

జవాబు నవంబరులో వచ్చింది. చెల్లింపు స్వచ్ఛందంగా జరిగినందున ఆ వ్యవహారం ముగిసినట్టేనని, రుసుము తిరిగి ఇచ్చే వీలులేదని ఉత్తరాల కంపెనీ రాసింది. దుకాణం మాత్రం కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ, సద్భావంతో, ఆ శాఖలో మాత్రమే చెల్లే వోచర్ ఒకటి మంగతాయారు పేరు మీద పంపింది. దాని విలువ పన్నెండు డాలర్ల తొంభై సెంట్లు. మార్చి నెలాఖరు లోపల వాడుకోవాలి.